ఎనిమిదో చీటీ

మార్చి ఆఖరు ఆదివారం. యార్డుకి సెలవు.
సుభాని కమిషన్ కొట్టు మేడ మీద
ఎనిమిది మందిమి, ఒక టేబుల్ ఫ్యాను,
అట్ట మీద గీసిన గళ్ళు.
ఆట మాది కాదు, ఆడేది మేం కాదు.
ఎవరో ఎక్కడో కొట్టే పరుగులకి
ఇక్కడ గుంటూరులో మేం లెక్కలు రాసుకోవడం, అంతే.
అయినా ఆ పూట ఒక్కొక్కడూ
నిజంగా జట్టు కొన్నట్టే కాలు మీద కాలేసుకున్నాడు.

స్టీలు గ్లాసులోంచి చీటీలు తీశాం.
నాకు ఎనిమిది.
పాము వరస అన్నారు దాన్ని,
తోక దాకా పోయి మళ్ళీ తలకాయ దాకా రావడం.
తోకలో ఉన్నవాడికి ఒక్కసారే రెండు పేర్లు.
ఆ తర్వాత పద్నాలుగు పేర్లు
పక్కవాళ్ళ గళ్ళలోకి పోతుంటే
చాయ్ చల్లారబెట్టుకుంటూ చూడటం.

నా పనేంటో చెప్పాలి మీకు.
టిక్కీలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి
అడుగునుంచి పిడికెడు కాయ తీస్తాను.
తొడిమ చూస్తాను. విరిచి చప్పుడు వింటాను.
తేజా ఏదో, మూడు ముప్పైనాలుగు ఏదో
కళ్ళు మూసుకుని చెబుతాను.
పైన రంగుకాయ పరిచి అడుగున తాలు నింపిన టిక్కీ
పదిహేడేళ్ళలో ఒక్కటి కూడా
నన్ను దాటి కాటా ఎక్కలేదు.

ఆ ఆదివారం మాత్రం పైకాయ చూసి కొనేశాను.

మొదటి పేరు,
ముందటి రాత్రి టీవీలో తొంభై కొట్టిన కుర్రాడు.
ఆ తొంభై తప్ప వాడి గురించి నాకేమీ తెలీదు.
రెండోది ఆ ఎడంచేతి స్పిన్నర్.
అతని మోకాలికి కట్టుందని
అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

కాటా దగ్గర చిట్టా రాసే ప్రమీల
పెన్ను ఆపి నా మొహం చూసింది.
"ఖాయమేనా అన్నా?"
"రాయమ్మా" అన్నాను.
ఏసుపాదం ప్రతిదానికీ నవ్వేవాడు,
దీనికి నవ్వలేదు.

ఎవరికీ చెప్పలేదు గానీ,
నేను డిగ్రీ తప్పిన ఏడు
బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో ఏదో చిన్న మ్యాచి.
గీత దాటిన బంతి నా చెప్పుల దగ్గర ఆగింది.
విసిరాను. ఒంటిచేత్తో పట్టుకుని
అతను నా వైపు చెయ్యెత్తాడు.
ఆ వేసవి అంతా
నాకు ఎవరైనా చెయ్యెత్తింది అదొక్కసారే.

ఇక మిగతాది.
కుర్రాడు సున్నా, సున్నా, ఏడు.
స్పిన్నర్ రెండు మ్యాచులాడి
మెడలో తువ్వాలుతో బెంచీ మీద కూర్చున్నాడు.
వికెట్ కీపర్ని తీసుకోవడమే మర్చిపోయాను,
గోడౌన్ కట్టి తలుపు పెట్టనట్టు.
ప్రమీల గెలిచింది.
ఆమె గళ్ళ నిండా ఎవరికీ గుర్తుండని పేర్లు,
రోజూ కూలికొచ్చినట్టు వచ్చి
ఇరవయ్యో ముప్పయ్యో కొట్టి పోయేవాళ్ళు.
ఓడినవాడి బిర్యానీ నేనే పెట్టించాను.
సుభాని రెండోసారి రైతా అడిగాడు.

ఇప్పుడు ఆగస్టు. ముసురు. యార్డులో పని పల్చన.
గోడ క్యాలెండర్ వెనక ఆ కాగితం దొరికింది,
రెండో పేరు పక్కన నా ఎర్రటి వేలిముద్రతో.
వెనక్కి తిప్పి మళ్ళీ రాశాను, ఎనిమిదో చీటీ నుంచే.
అన్నీ తెలిశాక రాయడం ఎంత తేలికో!
పదిహేను పేర్లు, కీపర్‌తో సహా,
ఎక్కడా తాలు లేదు.
ఆ జట్టు గెలుస్తుంది, ప్రమీల మీద కూడా.
పైనుంచి కిందకి రెండుసార్లు చదివాను.
అందులో నాకు ఎరిగున్నవాడు ఒక్కడూ లేడు.

కొట్టేశాను.
కన్ను నలుపుకున్నాను, ఈ చేత్తోనే. మండింది.
కాయ ఘాటే అనుకోండి.

కింద హారన్.
కోల్డ్ స్టోరేజీ నుంచి లారీ, నలభై టిక్కీలు.
"పైనే ఉండిపోయావేందిరా" అని సుభాని కేక.
చొక్కా చెయ్యి మడుచుకుంటూ మెట్లు దిగాను,
మోచేతి పైదాకా.